మీ వంటగట్టు కడప బండ ఎలా పుట్టిందో ఇంట్లోనే చేసి చూడండి

మా అమ్మ వంటింట్లో గట్టు నల్ల కడప బండది. ఒక రాత్రి పప్పులోకి పిండిన నిమ్మచెక్కను దాని మీద బోర్లించి వదిలేశాను. పొద్దున తీసి చూస్తే కింద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ. గుడ్డతో తుడిచాను, సబ్బు పెట్టి రుద్దాను, కొబ్బరి నూనె రాశాను. నూనె ఆరేదాకా కనబడదు, ఆరగానే మళ్లీ పైకొస్తుంది. "రాయిని కూడా పాడుచేశావు కదరా!" అని అమ్మ తిట్టింది. మీ ఇంట్లోనూ గట్టు మీద చింతపండు పులుసు పడిన చోట ఇలాంటి మచ్చ ఉండే ఉంటుంది, ఒకసారి వెతకండి.

ఆ మచ్చ చెప్పేది ఒకటే: ఆ బండ సున్నపురాయి, ఒకప్పటి సముద్రం అడుగు. బడిలో అవక్షేప శిలల గురించి చదువుకున్నదంతా దాదాపు ఒక వాక్యమే. నది మట్టిని తెచ్చి పోస్తుంది, పొరలు పేరుకుంటాయి, ఒత్తిడికి గట్టిపడి రాయి అవుతుంది. మార్కులకు అది చాలు. కానీ చెయ్యి పెట్టి చేసి చూస్తే అందులో రెండు లోపాలు బయటపడతాయి. ఇసుక ఒత్తిడితో రాయి కాదు. పొరలు నిదానంగా, సమానంగా పేరుకోవు. ఈ రెండూ నమ్మాలంటే నా మాట కన్నా మీ కళ్లే నయం. ఓ ఆదివారం మొదలుపెట్టండి. వారంలో పూర్తవుతుంది.

కావలసినవన్నీ ఇంట్లోనో, పచారీ కొట్లోనో దొరుకుతాయి. మూతలున్న గాజు సీసాలు రెండు, గుప్పెడు సన్న కంకర, ఇసుక, ఎర్రమట్టి, దొరికితే చెరువు మట్టి లేదా నల్లరేగడి, పటిక, ఉప్పు, నిమ్మకాయలు లేదా నిమ్మ ఉప్పు, రెండు పేపరు కప్పులు, రెండు ప్లాస్టిక్ సీసాలు, రెండు పెద్ద పళ్లేలు, ఒక మేకు, ఒక భూతద్దం. ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టినా భూతద్దం పని చేస్తుంది.

మొదటి పని: సీసాలో వరద

సీసాలో మూడో వంతు కంకర, ఇసుక, మట్టి కలిపి వేయండి. మెడ దాకా నీళ్లు పోసి, మూత బిగించి, చేతులు నొప్పి పుట్టేదాకా ఊపండి. కిటికీ దగ్గర పెట్టి, ఇక కదపకండి.

కంకర మీరు చెయ్యి తీసేలోపే అడుగుకు చేరుతుంది. ఇసుక ఆ వెనకే దిగుతుంది. ఆ తర్వాత టీ తాగి వచ్చినా నీళ్లు బురదగానే ఉంటాయి. ఎందుకో లెక్క వేసి చూస్తే ముచ్చటగా ఉంటుంది. మిల్లీమీటరులో పదో వంతు ఉన్న సన్న ఇసుక రేణువు 10 సెంటీమీటర్ల నీటిలో దిగడానికి దాదాపు 12 సెకన్లు చాలు. దానికి పదో వంతు ఉన్న ఒండ్రు రేణువుకు 20 నిమిషాలు పడుతుంది. మళ్లీ దానికి పదో వంతు ఉన్న బంకమట్టి రేణువుకు 30 గంటలు. సైజు పది రెట్లు తగ్గితే పడే వేగం వంద రెట్లు తగ్గుతుంది. నది కొండల దగ్గర గులకరాళ్లను, మైదానంలో ఇసుకను వదిలి, బంకమట్టిని మాత్రం సముద్రం దాకా మోసుకెళ్లడానికి కారణం ఇదే. గోదావరి ఇసుక కోసం లారీలు ర్యాంపుల దగ్గరే ఎందుకు ఆగుతాయో, సముద్రం దగ్గరి లంకల్లో మట్టి ఎందుకంత మెత్తగా ఉంటుందో ఈ సీసా చెప్పేస్తుంది.

మర్నాడు చూడండి. అడుగున కంకర, ఆపైన ఇసుక, ఆపైన మట్టి. ఇప్పుడు రెండో వరద తెప్పించాలి. పైన తేరిన నీళ్లను కొంచెం వంచేసి, వేరే రంగు మట్టిని ఇసుకతో కలిపి, నీళ్లలో కలియబెట్టి, గరిటె వెనక భాగం మీదుగా మెల్లగా పోయండి. నేరుగా పోస్తే కింది పొర చెదిరిపోతుంది, నేను మొదటిసారి అలాగే చెడగొట్టాను. ఇది కూడా తేరాక రెండు వరదల మధ్య సరిహద్దును భూతద్దంతో చూడండి. ఒక వరదలో కింది నుంచి పైకి ముతక సన్నగా మారడం నెమ్మదిగా జరుగుతుంది, గీత గీసినట్టు ఉండదు. కానీ మొదటి వరద మెత్తటి మట్టి మీద రెండో వరద ముతక ఇసుక వచ్చి కూర్చున్న చోట సరిహద్దు కత్తితో కోసినట్టు ఉంటుంది.

ఆ గీత దగ్గర కాసేపు ఆగండి. రెండు వరదల మధ్య మీ సీసాలో ఒక రోజు గడిచింది. కానీ ఆ రోజుకు సీసాలో మందం లేదు, ఉన్నది గీత మాత్రమే. నిజమైన రాళ్లలోనూ అంతే. ఒక వరద ఒక్క రోజులో జానెడు మేట వేసి పోవచ్చు, తర్వాత ఏళ్ల తరబడి ఏమీ పడకపోవచ్చు. కాలంలో ఎక్కువ భాగం పొరల్లో ఉండదు, పొరల మధ్య ఉంటుంది.

రెండో పని: ఉప్పు చిటికె

రెండో సీసాలో బంకమట్టి నీళ్లు మాత్రం పోసి, చెంచాడు ఉప్పు వేసి ఊపండి. ఉప్పు లేని బురద నీళ్లను గ్లాసులో పక్కన పెట్టండి. ఉప్పు వేసింది ముందుగా తేరుతుంది. బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో తేలుతుంటాయి, ఉప్పు ఆ నెట్టుడును తగ్గిస్తే అవి గుంపులు కట్టి బరువెక్కి దిగుతాయి. వెనకటి రోజుల్లో బురద నీళ్ల బిందెలో చిల్లగింజ అరగదీసి వేసేవారు, ఇప్పుడు పటిక వేస్తున్నారు. పని అదే. నది సముద్రంలో కలిసే చోట ఇది రోజూ జరుగుతుంది. అక్కడిదాకా పట్టువదలకుండా వచ్చిన బంకమట్టి ఉప్పునీరు తగలగానే దిగిపోతుంది.

మూడో పని: పళ్లెంలో నెర్రెలు, అలలు

ఇది పిల్లలకు వదిలేయండి. పళ్లెంలో వేలు మందాన బంకమట్టి బురద పోసి ఎండలో పెట్టాలి. రెండు రోజుల్లో నెర్రెలు విచ్చుతాయి. వాటిలోకి పొడి ఇసుక చల్లి, పైన మరో పొర బురద పోయండి. ఎండాక అంచును విరిచి చూస్తే నెర్రెల్లో దిగిన ఇసుక పళ్లు కోరల్లా కనబడతాయి. రాతి మీద ఇలాంటి గుర్తు కనిపిస్తే ఆ చోట నీళ్లు ఒకసారి ఎండిపోయాయని అర్థం. లోతైన సముద్రం అయ్యే వీలు లేదు.

ఇంకో పళ్లెంలో ఇసుక పరిచి రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి ఊయలలా అటూ ఇటూ ఊపండి. ఇసుక మీద రెండు వైపులా ఒకేలా వాలిన అలల ముద్రలు పడతాయి. ఒకే వైపు పారే నీటిలో అయితే ఒక వాలు మెల్లగా, ఒక వాలు నిటారుగా ఉంటుంది. నిటారు వైపు చూపించేది నీరు పోయిన దిక్కు. కోట్ల ఏళ్ల కిందటి వాగు ఎటు పారిందో ఇలా ఒక బండ మీద వేలు పెట్టి చెప్పొచ్చు.

నాలుగో పని: నొక్కడం వేరు, అంటించడం వేరు

అసలు కథ ఇక్కడ ఉంది, కాస్త ఓపిక పట్టండి.

రెండు ప్లాస్టిక్ సీసాల పైభాగం కోసేసి, అడుగున చిన్న రంధ్రాలు పెట్టి, లోపల గుడ్డ పరవండి. ఒకదానిలో చిక్కటి బంకమట్టి బురద, రెండోదానిలో తడి ఇసుక ఒకే ఎత్తుకు పోయండి. రెండింటి మీద సరిపోయే మూత వేసి, పైన పచ్చడి బండో, పప్పు డబ్బానో బరువుగా పెట్టండి. పొద్దునకల్లా బురద ఎత్తు తగ్గి, కింది పళ్లెంలోకి నీళ్లు కారి ఉంటాయి. ఇసుక దాదాపు ఎక్కడిది అక్కడే ఉంటుంది.

తాజా బురదలో సగానికి పైగా నీళ్లే. అందుకే నొక్కితే కుంగుతుంది, రేణువులు పళ్లేల్లా ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి, ఎంత లోతున పూడితే అంత గట్టిపడతాయి. బురద రాయి, పొరపొరలుగా ఊడే షేల్ అలా వస్తాయి. ఇసుక సంగతి వేరు. రేణువులు ముందే ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మధ్య ఖాళీలు మూడో వంతుకు మించే ఉంటాయి. బరువు పెట్టినంత మాత్రాన ఆ ఖాళీలు పోవు. బరువు తీసి వేలుతో తోస్తే ఇసుక ఇసుకగానే రాలుతుంది.

దాన్ని రాయి చేసేది జిగురు. ఒక పేపరు కప్పు అడుగున సూదితో నాలుగు రంధ్రాలు పెట్టి ఇసుక నింపండి. అర గ్లాసు మరిగిన నీళ్లలో నాలుగు పెద్ద చెంచాల పటిక పొడి కరిగించి, వేడిగా ఉండగానే ఇసుక మీద నిదానంగా పోయండి (పిల్లలుంటే ఈ ఒక్క పని పెద్దవాళ్లే చేయాలి). రెండో కప్పులో ఇసుక మీద మామూలు నీళ్లు పోయండి. నాలుగు రోజులు ఎండబెట్టి కప్పులు చింపేయండి. మామూలు నీళ్లది కూలిపోతుంది. పటికది ముద్దగా చేతికొస్తుంది, విరిచి భూతద్దంతో చూస్తే ఇసుక రేణువుల మధ్య మెరిసే స్ఫటికాలు కనబడతాయి. మీ చేతిలో ఉన్నది ఇసుకరాయి, నాసిరకమే అయినా.

నాసిరకం అని ఎందుకన్నానంటే, ఆ ముద్దను నీళ్లలో వేస్తే పటిక కరిగి మళ్లీ ఇసుక అయిపోతుంది. ప్రకృతి వాడే జిగుర్లు మూడు ముఖ్యం: సున్నం, ఇనుప తుప్పు, సిలికా. భూమి లోపల ఇసుక సందుల్లోంచి నీరు పారుతూ, తనలో కరిగి ఉన్న వీటిని కొంచెం కొంచెంగా వదిలిపోతుంది. సున్నం జిగురైతే రాయి నిమ్మరసానికి నురగ కడుతుంది. తుప్పు అయితే ఎర్రగా ఉంటుంది. సిలికా అయితే ఇసుకా జిగురూ ఒకే పదార్థం, రాయి ఉక్కులా ఉంటుంది, విరిచినా రేణువు చుట్టూ కాకుండా రేణువు మధ్యలోంచే విరుగుతుంది. గండికోట బండలు ఆ రకం.

ఐదో పని: గిన్నె అడుగు తెల్ల పొర

మీ ఇంట్లో బోరు నీళ్లు కాస్తుంటే ఈ పని సగం అయిపోయినట్టే. నీళ్లు కాచే గిన్నె అడుగునో, గీజర్ కాయిల్ మీదో పేరుకున్న తెల్ల పొరను కొంచెం గీకి, దాని మీద నిమ్మరసం వేయండి. సన్నగా బుడగలు వస్తాయి. గట్టు మీద నా నిమ్మచెక్క చేసిన పని ఇదే, కాకపోతే రాత్రిపూట ఎవరూ చూడలేదు.

వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని సున్నపు రాళ్లను కరిగించుకుంటుంది. వేడి చేస్తే ఆ వాయువు పోతుంది, సున్నం బయటపడి గిన్నెకు అంటుతుంది. లోతులేని వెచ్చటి సముద్రంలోనూ సున్నం ఇలాగే నీటిలోంచి విడిపడి అడుగుకు చేరుతుంది. అక్కడ సాయానికి జీవులు కూడా ఉంటాయి. సున్నపురాయి అంటే గవ్వల పొడి అనుకుంటాం, చాలా చోట్ల నిజమే. కానీ కడప జిల్లా వేంపల్లె చుట్టుపక్కల ఉన్న డోలమైట్ (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి) రాళ్లు సుమారు 190 కోట్ల ఏళ్ల నాటివి. అప్పటికి గవ్వ అన్నదే పుట్టలేదు. అక్కడ రాళ్లలో కనిపించే గోపురాల్లాంటి, ఉల్లిపొరల్లాంటి ఆకారాలు కంటికి కనబడని సూక్ష్మజీవుల చాపలు. పైన పడిన సున్నపు బురదను పట్టుకుని, దాని మీదికి మళ్లీ పెరిగి, పొర మీద పొర కట్టాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు.

బొగ్గు కూడా ఈ కుటుంబమే, చిత్తడి నేలల్లో పడి కుళ్లిపోకుండా పూడిన చెట్లు. దాన్ని ఇంట్లో చేయలేం, వదిలేద్దాం.

ఆరో పని: మీ ఇంటి బండను చదవడం

ఇప్పుడు నేల మీద కూర్చోండి. పాత ఇళ్లలో పరిచినవి తాండూరు, షాబాద్, బేతంచెర్ల నాపరాళ్లో, కడప బండలో అయితే మీ అదృష్టం. అన్నీ సున్నపురాళ్లే. టైల్స్ వేయించుకుని ఉంటే పెరట్లోనో, మెట్ల కిందో మిగిలిన ముక్క ఏదైనా ఉంటుంది.

ముందు మేకుతో గీయండి. గీత పడితే సున్నపురాయి రకం. మేకే అరిగి రాతి మీద లోహపు గీత మిగిలితే గ్రానైటో, సిలికా రాయో. తర్వాత కనబడని మూలలో ఒక చుక్క నిమ్మరసం, లేదా కొద్ది నీళ్లలో చిక్కగా కలిపిన నిమ్మ ఉప్పు. నునుపు చేసిన రాయి మీద మచ్చ శాశ్వతం, అనుభవంతో చెబుతున్నాను. బాత్రూం కడిగే యాసిడ్ వాడితే నురగ బాగా వస్తుందని ఎవరైనా చెబితే వినకండి, ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. నురగ రాకపోతే రాయిని కొంచెం గీకి పొడి మీద వేయండి. డోలమైట్ అయితే పొడి మీదే, అదీ బద్ధకంగా బుడగలిస్తుంది. షేల్ ముక్కను గుర్తుపట్టాలంటే దాని మీద నోటితో ఆవిరి ఊది వాసన చూడండి, తొలకరి వాన పడిన మట్టి వాసన వస్తుంది.

తర్వాత అంచు చూడండి. నాపరాయి గనుల్లో బండను చదరాలుగా కోశాక, పొర కలిసే చోట గునపం పెట్టి లేపితే పలక పలకగానే లేస్తుంది. పాలిష్ పట్టకముందే అంత చదునుగా ఉండటానికి కారణం మీ సీసాలో చూసిన ఆ గీతే. సున్నపు బురద పడుతూ పడుతూ ఆగిన చోట, వెంట్రుకంత బంకమట్టి పడిన చోట రాయికి పట్టు తక్కువ. మనం గడప దాటి అడుగు పెట్టేది ఒక పొర మీద అనుకుంటాం గానీ, నిజానికి రెండు పొరల మధ్య ఖాళీ మీద.

పలక మీద రంపం పళ్లలాంటి సన్నటి నల్ల గీత కనబడితే అది పగులు కాదు. పైబరువుకు సున్నం కరిగిపోయి, కరగని మట్టి అక్కడ మిగిలింది. ఇక చెట్టు కొమ్మల్లా, నాచులా విరబూసిన నల్ల గీతలు కనబడితే శిలాజం దొరికిందని ఫోటోలు పంపకండి. నేనూ పంపి నవ్వులపాలయ్యాను. రాతి సందుల్లోకి దిగిన నీటిలోని మాంగనీస్ ఆక్సైడ్ అలా కొమ్మలు వేస్తుంది.

ఏడో పని: బయటికి

ఇంట్లో చేసిన ప్రతి పనికీ రాయలసీమలోనో, దాని పక్కనో ఒక చోటు ఉంది. నల్లమల, ఎర్రమల, వెలికొండ, శేషాచలం కొండలున్న ఈ నెలవంక ఆకారపు ప్రాంతాన్ని భూగర్భ శాస్త్రంలో కడప బేసిన్ అంటారు, దాదాపు 44 వేల చదరపు కిలోమీటర్లు. 1872లో ఇక్కడి రాళ్ల వివరాలు అచ్చువేసిన విలియం కింగ్, అంతకు ముందు ఏడాది ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని చెప్పిన మనిషే. సింగరేణి కథ అక్కడ మొదలవుతుంది.

బెలూం గుహలకు వెళితే ఐదో పనిని తిరగేసి చూడొచ్చు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో 3,229 మీటర్ల పొడవున సున్నపురాతిని నీరు తొలిచిన దారులు. దీపాల వెలుగులో అందరూ పైకి చూస్తూ నడుస్తారు. మీరు పక్క గోడలు చూడండి. పేర్చిన పుస్తకాల్లా అడ్డంగా పొరలు ఉంటాయి, నీరు ఏ పొరను ఎక్కువ తిన్నదో, దేన్ని వదిలేసిందో అంచుల్లో తెలుస్తుంది. గండికోటలో పెన్న చీల్చిన లోయ అంచున నిలబడి ఎదుటి గోడ మీద ఇసుక పొరలు లెక్కపెట్టండి. కోటలోకి తిరిగి నడిచేటప్పుడు కాళ్ల కింది బండల మీద అలల ముద్రల కోసం వెతకండి. ఎండ ఏటవాలుగా పడే పొద్దున, సాయంత్రం వేళల్లోనే అవి బాగా కనబడతాయి, మధ్యాహ్నం వెళితే ఏమీ తెలియదు. మార్కాపురం పలకల మీద మీలో కొందరైనా అక్షరాలు దిద్ది ఉంటారు. నాలుగో పనిలోని బురద ఇంకా లోతుకు పోయి, వేడికీ పక్కల నుంచి వచ్చిన నొక్కుడుకూ మారితే అయ్యేది ఆ పలక. అప్పటికి దాన్ని అవక్షేప శిల అనరు, రూపాంతర శిల అంటారు.

చివరగా తిరుపతి. దర్శనానికి ఎలాగూ వెళతారు. బస్టాండు వైపు నుంచి కొండను చూడండి. కింద గుండ్రటి రాళ్లతో, పొదలతో వాలుగా ఉన్నది గ్రానైటు. పైన గోడ కట్టినట్టు నిటారుగా, అడ్డ పొరలతో నిలబడినది ఒకప్పటి ఇసుక, సిలికా జిగురు పట్టి క్వార్ట్‌జైట్ అయింది. కింది గ్రానైటు వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. అది భూగర్భంలో చల్లబడి, పైనున్న కొండలన్నీ అరిగిపోయి, బయటపడి, ఆ తర్వాతే దాని మీదికి నీళ్లు, ఇసుక వచ్చాయి. ఆ రెండూ కలిసే చోటు ఘాట్ రోడ్డు తవ్విన గట్టులో బయటపడింది. మధ్యలో చాలా కాలానికి ఏ పొరా మిగలని ఆ సరిహద్దుకు శాస్త్రవేత్తలు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అని పేరు పెట్టారు. అక్కడ బండి ఆపనివ్వరు, బస్సు కిటికీలోంచి చూడాల్సిందే. కింద పొరలు లేని రాయి, పైన పొరల రాయి, మధ్య ఒక గీత. మీ సీసాలో ఆ గీత ఒక రోజు. ఇక్కడ పదుల కోట్ల ఏళ్లు. కిటికీ సీటు దొరికితే నిద్రపోకండి, గీత కనబడి పోయేది ఒక్క మలుపులోనే.